దాకా

పదకొండుసార్లు లేస్తుంది.
ఏ పన్నెండోసారో లేవదు.
హార్లింగెన్ కరకట్ట మీద, పంపుల గదిలో
అరచేతిలో ఇమిడే పచ్చ బోర్డు.
సీరియల్ కేబుల్ ఈ చివర నల్లటి తెర మీద
మూడు చుక్కలు పెట్టి
మాట మింగేస్తుంది.

బయట వాన. సముద్రం కన్నా పల్లంలో ఉన్న బీళ్లలో
గొర్రెల గిట్టలు మునుగుతున్నాయి.
నీటి బోర్డువాళ్లు గంటకోసారి ఫోన్ చేసి
"ఇంకా ఎంతసేపు?" అంటారు.
హిస్కె ఫోన్ బోర్లా పెట్టింది.

బూట్‌లోడర్ కళ్లు తెరవగానే చేసేది
నేల కొలవడం.
ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా కెర్నెల్‌ది,
ఆ పక్కది పరికరాల పట్టికది,
ఈ మూల మాత్రం ఎవరూ తొక్కకూడదు.
అంతా కలిపి ఒక అడంగల్ పేజీ.

రొట్టె సంచి చింపి, వెనక పెన్సిల్‌తో
చిరునామాలు వేసుకుంది: సున్నాలు, ఎఫ్‌లు, మళ్లీ సున్నాలు.
తెల్లారి నాలుగింటికి
గట్టు జరిగిన చోటు దొరికింది.
ఒక్క బైటు.

ఒక ఫంక్షన్‌కి చివరి రాయి మనదే.
ఇంకోదానికి ఆ రాయి పొరుగువాడిది.
రెంటికీ రాజీ చేస్తూ ఎవరో ఒకటి కూడారు,
పైన ఒక వ్యాఖ్య:
"తీయొద్దు. ఎందుకో మర్చిపోయాను. సీట్సె."

చేలు ఎడంగా ఉన్నన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు.
ఆనుకున్న రోజున, ఆ ఒక్క బైటూ చూసి
రెండూ ఒకరివే అనుకుని కలిపేసింది కోడ్.
తొక్కొద్దన్న గుర్తు ఆ కలుపులో చెరిగిపోయింది.
కెర్నెల్ వచ్చి సరిగ్గా అక్కడే కాలు పెట్టింది.

సీట్సె రిటైరై తొమ్మిదేళ్లు. ఏడింటికి ఫోన్ ఎత్తాడు.
"ఆ రాత్రి అది కూడితే లేచిందమ్మా,
ఇక ముట్టుకోలేదు."
వెనక కెటిల్ ఈల.

తప్పు అతనిది అనలేను.
శుక్రవారం దాకా సెలవు అంటే
శుక్రవారం పనికి వెళ్లాలా, వద్దా?
నా భాషలోనూ తేలని తగాదా ఇది.

హిస్కె ఆ ఒకటి తీసేసింది.
కలిపే ముందు గుర్తులు పోల్చి చూడమని
మూడు లైన్లు రాసింది.
సీట్సె వ్యాఖ్య చెరపలేదు, దాని కింద:
"తీశాను. ఎందుకో ఇదిగో."

తర్వాత ఆపడం, వేయడం, ఆపడం, వేయడం.
పన్నెండు దాటింది. నమ్మలేదు.
ఇరవై. కింద పంపు గొంతు సవరించుకుని
కాలువ నీళ్లు లాగడం మొదలెట్టింది.
అయినా లేవలేదు కుర్చీలోంచి.
ముప్ఫై ఏడు దాకా లెక్కపెట్టింది,

ముప్ఫై ఏడుతో సహా.