చేతి లోపలి పక్క

మంగళవారం మాకు కొత్తవాళ్ళుండరు.
పాతవాళ్ళే వస్తారు, చెయ్యి చూపించుకోవడానికి.
ఆ రోజు సూదులు తియ్యను, కత్తి తియ్యను.
బరువు యంత్రం, బి.పి. పట్టీ, రిజిస్టరు, పెన్ను.
పెన్నుని బల్లకోడుకి తాడుతో కట్టేశాను,
ఇప్పటికి తొమ్మిది పోయాయి మరి.

అసియాతు సరస్సు ఒడ్డు నుంచి వస్తుంది,
కబాజా సైకిలు వెనక ఒక పక్కకి కూర్చుని,
తడికెల మీద చేపల్ని సగం తిరగేసి వదిలేసి.
ఆమెకన్నా ముందు ఆమె వాసన లోపలికొస్తుంది:
ఉసిపా చేప, పొగ, ఎండ.

"ఉన్నాయా?" అంటుంది, ఇంకా కూర్చోకుండానే.
చితెంజె అంచు పక్కకి తప్పించి
ఎడమ చెయ్యి వెల్లకిలా తిప్పుతాను.
ఎండ ఎరగని చోటు అది.
వలలు లాగి లాగి తాడైపోయిన చెయ్యి
అక్కడ మాత్రం ఇంకా పసిదే.
వేలికొసతో నెమ్మదిగా నొక్కితే
చర్మం కింద రెండు పుల్లలు,
ఎండిన ఉసిపాలు రెండు పక్కపక్కన పడుకున్నట్టు.

"ఉన్నాయి."
"గుండె వైపు జరగలేదు కదా?"
"అసియాతూ, అవి మీ ఊరి మేకలు కావు."

నెలసరి?
రెండు నెలలు అజా పజా లేదు,
ఆ తర్వాత పిలవని చుట్టంలా పదకొండు రోజులు.
మామూలే, అని రాశాను.
తలనొప్పి? మా ఆయన మాట్లాడినప్పుడు.
రాయలేదు.
బరువు రెండు కిలోలు పెరిగింది.
"చెప్పులు తియ్యలేదుగా," అని వాదించింది.

నిజానికి ఇన్నిసార్లు రానక్కర్లేదు.
ఇబ్బందుంటే ఎప్పుడైనా రా,
లేకపోతే గడువుకి వస్తే చాలు,
అని పోయినసారీ చెప్పాను, అంతకుముందూ చెప్పాను.
"నావని నీళ్ళలోకి తోసే ముందు
అడుగు తడిమి చూస్తాం," అంది.
"నిన్న చూసిన నావే. అయినా."

పని అయిపోయింది. లేవలేదు.
"నీకెవరు చూస్తారు?"

నాకూ ఉన్నట్టు ఎవరు చెప్పారు?
తెల్ల చొక్కా పొట్టి చేతుల కింద
నువ్వుగింజంత మచ్చ, అంతే.
బల్ల చుట్టూ తిరిగొచ్చి చెయ్యి పట్టుకుంది.
వెయ్యి చేపల్లో కుళ్ళినదాన్ని
చూడకుండానే ఏరేసే వేళ్ళు.
కళ్ళు మూసుకుంది.
పన్నెండేళ్ళుగా ఈ గదిలో
తడమడమే తప్ప తడిమించుకోలేదు నేను.

"రెండూ ఉన్నాయి. ఒకటి కాస్త వంకర.
ఎప్పటివి?"

చిన్నాడు బడిలో చేరిన ఏడు.
కాదు, వాగు మీద వంతెన కొట్టుకుపోయిన ఏడు.
వేళ్ళ మీద లెక్కపెట్టాను, మళ్ళీ పెట్టాను.
అయిదేళ్ళు.
అయిదేళ్ళ మీద ఒక వానాకాలం.

గడువు తేదీలు ఎర్ర సిరాతో రాసేది నేనే.
ఊరూరికీ కబురు పంపేది నేనే.

ఆమె ఏమీ అనలేదు.
రిజిస్టరు నా వైపు తిప్పింది.
ఖాళీ గీత దాకా పెన్ను అందలేదు.
వంగి, వలముడి విప్పినట్టు
తాడుముడి ఒక్క లాగులో విప్పి
పెన్ను నా చేతిలో పెట్టింది.

బయట కబాజా కుర్రాడు బెల్లు మోగిస్తున్నాడు.
పేరు రాశాను. తేదీ రాశాను.
బరువు గడి దగ్గర ఆగి
యంత్రం వైపు నడిచాను.

"చెప్పులు తియ్యి," అంది అసియాతు.