మూడు సెకన్ల నిద్ర

పెరంబూరులో మా ఇంటి వెనక
రైలు వెళ్ళినప్పుడల్లా
బల్ల మీది నాలుగు పాత రౌటర్లు
పచ్చ కళ్ళు ఆర్పకుండా వణుకుతాయి.
ఒకదాన్ని జంతికల డబ్బాలో పెట్టి మూత బిగిస్తాను,
సిగ్నల్ చచ్చిపోతుందేమో చూద్దామని.
చావదు.
సన్నగా, నూనె వాసనతో, వస్తూనే ఉంటుంది.

"రాత్రంతా ఎవరితోనే మాటలు?"
నీళ్ళ మోటారు ఆపడానికి పైకొచ్చిన దమయంతమ్మ అడిగింది.
డీమన్ అన్నాను.
ఇంటావిడ చెవికి దెయ్యం అని చేరింది.
మర్నాడు నా గుమ్మానికి ఒక నిమ్మకాయ, మూడు మిరపకాయలు.
తీయలేదు.
ఆమె విన్నదీ అంత తప్పేం కాదు.
కనబడదు. పిలవకుండానే లేస్తుంది.
గాల్లో ఎవరెవరున్నారో పసిగట్టి
మెషీన్ చెవిలో చెబుతుంది.
రహస్యం నోటితో అనకుండానే
రహస్యం తెలుసని రుజువు చేసుకుంటుంది
అటు రెండు మాటల్లో, ఇటు రెండు మాటల్లో.
సరిగా పనిచేసినన్నాళ్ళు
అదొకటుందని ఎవరికీ తెలీదు.

నాకు ముందు దీన్ని చూసుకున్నవాడు వొయ్‌చెఖ్.
ఏదో చలిదేశం. మొహం ఎరగను.
అయినా తెలుసు,
అలసిపోతే అతని వేరియబుల్ పేర్లు
ఒక్క అక్షరానికి కుంచించుకుపోతాయి.
ఒక మార్చి నెల మార్పు కింద రాశాడు:
"కూతురు పుట్టింది. మిగతాది తర్వాత."
ఆ మిగతాది ఇంకా అలాగే ఉంది.
ఎనిమిది వందల పదకొండో లైన్లో
మూడు సెకన్ల నిద్ర.
దాని నెత్తిన ఒక హెచ్చరిక:
"ఎందుకో తెలీదు. తీయొద్దు."

అయనావరం ఆసుపత్రి నుంచి అంజుగం ఫిర్యాదు,
తమిళంలో, చుక్క కూడా పెట్టకుండా:
మందుల బండి నెట్టుకుంటూ పాత వార్డు మలుపు తిరిగితే
తెర పాత నెట్‌వర్క్ వదిలేస్తుంది కొత్తది అందుకోదు
మూడు సెకన్లు నిలబడాలి
నాకలవాటే కానీ రోగులు నా మొహం చూస్తారు

తీసేశాను.
గర్వంగా, ఒక్క మీట నొక్కి.
ఇల్లలకగానే పండగవుతుందా?
తెల్లారేలోపు నా రౌటర్ల మధ్య తిరిగిన లాప్‌టాప్
నలభైసార్లు కుప్పకూలింది.

పదకొండు రాత్రులు.
పన్నెండో రాత్రి, ఏ రైలూ లేని వేళ, కనబడింది.
పాత కనెక్షన్ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతోంది.
దాని పేరున పెట్టిన అలారం మాత్రం బతికే ఉంది.
వేళకొచ్చి తలుపు కొడుతుంది.
లోపల వేరే సంసారం.
వొయ్‌చెఖ్ నిద్ర చేసిందల్లా
ఆ తలుపు చప్పుడయ్యేదాకా
ఇల్లు ఖాళీ కాకుండా ఆపడమే.
పాపం, చీకట్లో చెయ్యి పెట్టి
సరైన చోటే పట్టుకున్నాడు.

వెళ్ళేముందు అలారం ఆపి వెళ్ళు.
కలిపింది అంతే, ఒక్క లైను.
తీసినవి రెండు: అతని నిద్ర, అతని హెచ్చరిక.
హెచ్చరిక తీయడానికే ఎక్కువసేపు పట్టింది.
కింద రాశాను: "ఎందుకో తెలిసింది. తీశాను."
అతనికి చేరుతుందో లేదో.

శుక్రవారం రాత్రి అంజుగం వెంట నడిచాను.
ఫినాయిల్ వాసన, బండి కుడి చక్రం కీచుమంటూ.
మలుపు వచ్చింది.
తెర రెప్ప వేయలేదు.
అంజుగం మాత్రం ఆగింది.
ఆరో మంచం మీది పెద్దాయన
అప్పటికే తల తిప్పి చూస్తున్నాడు.
ఆమె దుప్పటి అంచు సర్ది
"నిద్ర పట్టలేదా?" అంది.

నేను లెక్కపెట్టలేదు.
మూడుకి ఎక్కువే ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి గుమ్మానికి కొత్త నిమ్మకాయ.
ఇన్‌బాక్సులో ఎవరో:
వాన పడితే కనెక్షన్ పోతోందట.
జంతికల డబ్బా మూత తీశాను.