కౌలు

ఎగ్మూరు రికార్డాఫీసులో ఫ్యాను గాలికి
కాగితాలు ఎగరకుండా ఇసుక సంచులు పెడతారు.
చిన్నవి, పసిపిల్ల తలగడంత.
నాకిచ్చిన నకలు మీదా ఒకటుంది.
దాన్ని జరిపితే తప్ప
మా పేట పుట్టుక కనబడదు.

"తాయ్ పత్రం కావాలమ్మా" అన్నాడు గుమాస్తా ఏళుమలై.
"మెట్రోవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. దీనికి తల్లి ఎక్కడో ఉంటుంది."
నాకు తల్లి ఉంది. పత్రమే లేదు.

అమ్మ చెప్పిన కథ ఇంతే:
నెల్లూరు అవతల నుంచి
పలకలుగా విప్పిన మగ్గం భుజాన వేసుకుని
చౌడయ్య కాలినడకన వచ్చాడు.
అప్పటికే కూవం వంపులో తోట కొట్టేసి
వీధులకు సున్నం గీతలు గీశారు.
కుంపిణీ దండోరా:
నేసేవాడికి నేల, వడికేవాడికి నేల,
అద్దకంవాడికి నేల.
కొన్నేళ్ళు పన్ను లేదు.
మగ్గం చప్పుడు మాత్రం ఆగకూడదు.

"నేల ఎవరిది దొరా?"
"రాజుగారిది."
"ఏ రాజు?"
దొర చెయ్యి సముద్రం వైపు చాచాడట.
చౌడయ్య చాలాసేపు అటే చూశాడట.
అలలు తప్ప ఏముంటాయి అక్కడ?

పక్క బల్ల దగ్గర పరిశోధన కుర్రాడు
ఇంకో తీరం కాగితాలు చదువుతున్నాడు.
నవ్వు ఆపుకోలేక నన్ను పిలిచాడు:
"అక్కా, అమెరికాలో ఒక రాజపత్రం చూడండి,
ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా ఇచ్చేశాడు!
ఆ రెండోది ఎంత దూరమో
రాసినవాడికే తెలియదు."
మధ్యలో ఎవరున్నారు బాబూ?
"రాయలేదక్కా."
మరి శిస్తు?
"కొన్నిచోట్ల ఏడాదికి ఒక్క మిరియపు గింజ."
ఆ గింజ మనవైపుదే అయ్యుంటుంది.
అది చెప్తే వాడు నవ్వలేదు.

నేను మళ్ళీ నా కాగితానికి వచ్చాను.
తోట ఒకటి. బావి ఒకటి.
కొబ్బరిచెట్లు, లెక్కపెట్టి.
ఏతం ఒకటి.
ఏతం రాశారు.
ఏతం తొక్కినవాణ్ణి రాయలేదు.
వేలితో రెండుసార్లు వెతికాను,
పురుగు తిన్న చోట కూడా.

వాడు ఏ పొద్దున దిగిపోయాడో,
పాదం అలవాటుగా ఏ గట్టు మీద ఆగిందో,
చౌడయ్య మగ్గం గుంట తవ్వుతుంటే
దూరం నుంచి చూశాడో లేదో.
గుంటలో కాళ్ళు దించి
చౌడయ్యా తొక్కాడు జీవితమంతా.
ఒకడి తొక్కుడు ఆగిన చోట
ఇంకొకడి తొక్కుడు.
ఇంట్లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు నాకు.
వాళ్ళకూ ఎవరూ చెప్పి ఉండరు.

కౌలంటే మాట అని అర్థమట.
వాళ్ళు మాట ఇచ్చారు.
మేము భూమి అని విన్నాం.

షరతు మేమే తప్పాం, అదీ చెప్పాలి.
తాత మగ్గం అమ్మేసి
పుదుపేటలో పాత కార్ల తలుపులు అమ్మాడు.
గుంట పూడ్చి కడప బండ పరిచాడు.
ఇప్పుడది వంటిల్లు.
వానాకాలం ఆ బండ మీద
గుంట కొలతకు సరిగ్గా చెమ్మ పైకొస్తుంది,
పట్టా ఆఫీసరు టేపుకన్నా కచ్చితంగా.

నకలుకు డబ్బు కట్టి సంతకం పెట్టాను.
బయట బస్సులో చేపల బుట్టల పక్కన నిలబడి
చింతాద్రిపేట దాకా వచ్చాను.

రాత్రి చారుకి మిరియాలు దంచుతుంటే
ఒక గింజ రోట్లోంచి తప్పించుకుని
దొర్లి దొర్లి
ఆ చెమ్మ అంచున ఆగింది.
వంగి తీయబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఎవరికి కట్టాలో తెలియలేదు.
అక్కడే ఉంచాను.