ఉప్పు తిన్న కడ్డీ

సూర్యలంక నీళ్ళు
బాపట్ల ప్యాసింజర్లో
రెండు నూనె డబ్బాల్లో గుంటూరొచ్చాయి.
"ఏముంది అందులో?" అన్న టీసీకి
"సముద్రమండీ" అని చెప్పాడట దరియావలి.

మిరపకాయలెండే ఎండే,
బ్రాడీపేట మేడ మీద పలకలకి తగిలి
తీగల్లోంచి గాజు తొట్టిలోకి దిగింది.
ఒక కడ్డీకి బుడగలు.
ఇంకోదాని దగ్గర బ్లీచింగు వాసన,
ఇద్దరికీ దగ్గు.

మూడు కడ్డీలు పోయాయి.
"ఉప్పు తిన్నవాళ్ళని చూశాం గానీ
ఉప్పే తినేయడం ఇదే చూడ్డం మేడమ్."

నాలుగోది వారం నిలబడింది.
పొడి నాళికలో పట్టి
అగ్గిపుల్ల చూపిస్తే
టుప్‌మంది.
ఏడాది పనికి ఆ మాత్రం చప్పుడు.

లోపల గాజుకి సన్నటి చెమ్మ.
వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాడు,
నేను వద్దనేలోపే.
కాసేపు డబ్బాల వంక చూశాడు.

"మంచినీళ్ళే" అన్నాడు.