తనకు తాను పది

ఆ పట్టికలో మొదట నన్ను ఆపింది
సున్నా లేకపోవడం.
ఎనిమిది నోడ్‌లు, ఎనిమిది వరుసలు,
ఐమూలగా పైనుంచి కిందిదాకా పది, పది, పది.
తన మెమరీ దగ్గరికి తను వెళ్లడానికి కూడా పది.
పక్క నోడ్‌కి ఇరవై ఒకటి, దాని అవతలికి ముప్ఫై ఒకటి.
మైళ్లు కావు, నానోసెకన్లు కావు.
ఇంట్లో పదైతే పొరుగుకి ఎంత అని
బోర్డు చేసినవాడు వేసిన కాకిలెక్క.

యంత్రం కళ్లు తెరిచే వేళ
ఫర్మ్‌వేర్ ఈ కాగితం చేతిలో పెడుతుంది.
కెర్నల్ ఒక్కసారి చదువుకుంటుంది.
మళ్లీ అడగదు.

అడగాలని నాకు తెలుసు. మాది గ్రాన్‌షేర్ దీవి,
తుర్కు నుంచి రెండు పడవలు, మధ్యన ఒక బస్సు.
పసుపు పడవ నడిపే బిర్యర్
తన గది గోడకి ఒక అట్టముక్క కొట్టుకున్నాడు.
ఏ రేవుకి ఎన్ని నిమిషాలో,
పోయేటప్పుడు ఒక అంకె, వచ్చేటప్పుడు వేరే,
నైరుతి గాలికి ఎర్ర సిరా.
ఫిబ్రవరిలో అన్నీ కొట్టేసి
పెన్సిల్‌తో ఒకే మాట: మంచు.
ఆ నెల సముద్రం గట్టిపడితే
గంటంపావు దారి కారులో తొమ్మిది నిమిషాలు.
దుకాణం గున్‌వోర్ బెల్టు పెట్టుకోనివ్వదు,
అంత చలిలోనూ కిటికీ దించమంటుంది.

షెడ్యూలర్ దూరాల్ని అంతస్తులుగా పేర్చుకుంటుంది.
ఖాళీ కుర్చీ ముందు ఒకే కప్పు కింద వెతుకుతుంది,
దొరక్కపోతే ఇరవై ఒకటి వాళ్లింట్లో,
ఆ తర్వాతే ముప్ఫై ఒకటి.
పని తేలిక, సామాను బరువు.
పనిని లేపి ఇంకోచోట కూర్చోబెట్టడం చిటికెలో అవుతుంది,
దాని పేజీలు మాత్రం పాత గట్టునే.
ఇక ప్రతి మాటకీ పడవ ఎక్కాలి.

ఏ సామాను ఎవరిదో తెలియడానికి
కెర్నల్ ఒక దొంగ పని చేస్తుంది.
ఉన్న పేజీకి ఉత్తుత్తినే తలుపు మూసి
ఎవరొచ్చి తడతారా అని చెవి ఒగ్గి ఉంటుంది.
గున్‌వోర్ పోయిన చలికాలం అలాగే
మూడు రోజులు దుకాణం తెరవలేదు.
ఒంట్లో బాగానే ఉంది.
కిటికీ తట్టినవాళ్ల పేర్లు అప్పుల పుస్తకం వెనక పేజీలో ఉన్నాయి.
నాది లేదు.

మంగళవారం వచ్చింది ఆ పెట్టె.
మూడు నుంచి ఆరుకి ఇరవై ఒకటి,
ఆరు నుంచి మూడుకి ముప్ఫై ఒకటి.
"టైపు తప్పు. రెండు చోట్లా ఇరవై ఒకటి కొట్టెయ్,"
అన్నాడు తైస్తో, కోటు తొడుక్కుంటూ.
నేను ఉండిపోయాను.
ఒక చిరునామా చదివితే అందులో ఇంకో చిరునామా,
అది చదివితే మరోటి,
అలా కోటిసార్లు పరిగెత్తించి గడియారం పెట్టాను.
అటూ ఇటూ ముప్ఫై ఎనిమిది.
నేరుగా ఉన్న తీగ ఎప్పుడో చచ్చింది.
ముక్కేదిరా అంటే
తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు
మాట ఇంకో రెండు ఇళ్ల మీదుగా పోతోంది,
ఎవరికీ ఫిర్యాదు లేకుండా.

ముప్ఫై ఎనిమిది రాశాను.
రేపు తీగ మారిస్తే ఇదీ అబద్ధమే,
పక్కన తేదీ వేద్దామంటే పట్టికలో గడి లేదు.
బీరువా తలుపు లోపల
ఒక అట్టముక్క అంటించి పెన్సిల్‌తో వేశాను.

ఆఖరి పడవలో బిర్యర్ అట్ట చూశాను.
ఒక దీవి ఎదురుగా అంకె లేదు, గీత ఉంది.
అక్కడ ఇప్పుడు ఎవరూ లేరట.
మా భాషలో దానికి రెండు వందల యాభై ఐదు
అని చెబితే నవ్వాడు,
"ఎవరు లెక్కబెట్టారు?"

రేవు నుంచి నడిచి గున్‌వోర్ కిటికీ తట్టాను,
కొనాల్సిందేమీ లేకపోయినా.
ఇంటికొచ్చి తాళం, బూట్లు, పొయ్యిలో రెండు కట్టెలు.
ఒంట్లోకి నేను తిరిగి చేరడానికి
గడియారం పెట్టలేదు గానీ
పది పట్టి ఉంటుంది.