అంటు

రెండు సీసాల్లోనూ రక్తం మబ్బు పట్టింది.
ఒకటి మెడ పైపులోంచి తీసింది, ఒకటి చేతి నరంలోంచి.
గాజుపలక మీద సన్నటి కడ్డీలు,
పలచని గులాబీ రంగులో.

మూడో రోజు పొద్దున మిషను ఒక పేరు చెప్పింది.
నోరు తిరగని పేరు.
"ఇది మట్టిది, ఎక్కడో కలిసుంటది, పారెయ్" అన్నారు సారు.
రెండు చోట్లా ఒకటే ఎట్లా కలుస్తది?
నేను పారెయ్యలేదు.

పుస్తకంలో దాని అడ్రసు రోగాల పేజీల్లో లేదు,
చెట్ల తెగుళ్లలో ఉంది.
మట్టిలో ఉంటుందట. కాండానికి గాయమైతే
ఆ వాసన పట్టుకొని వస్తుందట.
తన రాతలోంచి ఒక ముక్క తెంపి
చెట్టు రాతలో అతికిస్తుందట.
చెట్టు మొదట్లో కంతి కట్టుకొని
ఆ వచ్చినదానికి వండి పెడుతుందట.
మనిషి గురించి మాత్రం రెండే వాక్యాలు:
మామూలుగా ఏమీ చేయదు.
సందు దొరికితే తప్ప.

సందు పేరు మట్టయ్య.
నాలుగో నంబరు మంచం. సోమ, బుధ, శుక్రవారాలు.
చిట్యాల అవతల ఏదో నర్సరీ నుంచి
తొలి బస్సుకు వస్తాడు.
మిషను పెట్టిన అరగంటకు చలి,
మంచం కోళ్లు టకటక కొట్టుకుంటాయి,
రెండు రగ్గులు కప్పినా ఆగదు,
కిటికీలో లతీఫ్ సాహెబ్ గుట్ట మాత్రం ఎండకు మండుతుంటుంది.

"ఏం పని చేస్తవ్ పెద్దయ్యా?"
"గులాబీలకు అంటు గడ్త.
బెరడు గోసి, కన్ను వెట్టి, పట్టీ జుడ్త.
దినాం రెండు నూర్లు. ఇప్పుడు చాతగాదు, ఎనుబయి."

సిస్టర్ ఎస్తేరు మెడ మీద కట్టు విప్పింది.
విప్పుతూ ఆగిపోయింది.
ఆసుపత్రి ప్లాస్టరు కాదది.
చెమటకు అది ఊడిపోతే
జేబులోని నర్సరీ పట్టీనే, పారదర్శకంగా, నున్నగా,
ఒక్క ముడత లేకుండా
పైపుకూ మెడకూ కలిపి చుట్టుకున్నాడు.
ఎంత పొందికగా చుట్టాడంటే
మెడ చిగురేస్తుందేమో అనిపించేంత.

ఎస్తేరు తిట్టలేదు. నా వైపు చూసింది.

"నాకంటె ముందు ఇద్దరు పురిట్లనే వోయిన్రు.
నన్ను మట్టిల పొర్లిచ్చి మట్టికే అమ్మింది మాయమ్మ.
చాటెడు నూకలిచ్చి మల్ల కొనుక్కున్నదట.
గందుకే ఈ పేరు.
లెక్క తెగిపోయింది అనుకున్న బిడ్డా,
బాకీ ఏమన్న మిగిలిందా?"

బాకీ కాదు అని చెప్పాలనుకున్నా.
దానికి నీ పేరు తెల్వదు, నూకల సంగతి తెల్వదు,
నీ మీద పగ లేదు, ఆకలి కూడా లేదేమో.
తలుపు తీసి ఉంటే గాలి రాదా, అట్లా.
కానీ జ్వరంతో వణికే మనిషికి
పగ లేదని చెప్పడం ఏం ఊరట?
రిజిస్టరులో పేరు రాశాను, కింద గీత గీశాను.

పైపు పీకేశారు. ఇంకో పక్క కొత్తది వేశారు.
పద్నాలుగు రోజుల సూదులు.
చలి, వచ్చినంత చప్పుడు లేకుండా పోయింది.

నెల తర్వాత కవరులో ఏదో పట్టుకొని ల్యాబుకొచ్చాడు.
ఎర్ర గులాబీ మొదలు, అంటు కట్టిన చోట
నిమ్మకాయంత గరుకు గడ్డ.
"గిదేనా బిడ్డా నా నెత్తుట్ల ఉన్నది?"
ఇదే కావచ్చు, దీని చుట్టం కావచ్చు.
మా దగ్గర చెట్లకు పరీక్షల్లేవు.

"కత్తి కడుగుతవా పెద్దయ్యా?"
"కడగకుంటనా! చెట్టు చెట్టుకూ మందు నీళ్లల్ల ముంచుత.
ఒకదానిది ఒకదానికి అంటితే తోటే వాయె."

ఎనభై మొక్కలకు ఎనభై మునకలు.
మెడకు మాత్రం జేబులోని పట్టీ.

వెళ్లబోతూ చెయ్యి చాపాడు:
"గడ్డ నాకియ్యి బిడ్డా. ఈడ పారెయ్యకు.
కాలవెట్టాలె."
ఇచ్చాను.
కవరు మూతి రెండు ముళ్లు వేశాడు,
లాగి చూసి, మూడోది కూడా.