నలభై ఒకటో పేజీ

శనివారం సాయంత్రం అయిదింటికి
మా ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు.
టీవీలో ఒకాయన ఫుట్‌బాల్ ఫలితాలు చదివేవాడు.
మొదటి జట్టు పేరు, దాని గోల్స్.
రెండో జట్టు పేరు పలికే తీరులోనే
సంగతంతా తెలిసిపోయేది.
గొంతు కిందికి జారిందా, వాళ్ళ పని అయిపోయినట్టే.
అంకె వినకుండానే నాన్న "చాల్లే" అని లేచేవాడు.
గూల్ రేవులో క్రేన్ నడిపిన మనిషి.
బరువు లేవకముందే
తాడు మూలుగు విని ఎంతుందో చెప్పేవాడు.

అమ్మ వేరు.
రాత్రి వార్తల్లో
"ఫలితం తెలియకూడదనుకునేవాళ్ళు కాసేపు పక్కకు చూడండి" అనగానే
బంతి గుండ్రంగా ఉంటుందని తప్ప
ఆట గురించి ఇంకేమీ తెలియని అమ్మ
కెటిల్ వైపు తిరిగి నిలబడేది.
"నీకెందుకే ఎనిడ్?" అని నాన్న నవ్వేవాడు.
"ముందే తెలిస్తే పనికొచ్చేది
ఒక్క వాన సంగతే" అనేది.

వారానికి నాలుగు హత్యలు చదివేది అమ్మ,
పెద్దక్షరాల పుస్తకాల్లో, పడుకునే ముందు.
చదివేసిన దాన్నే మళ్ళీ తెచ్చుకోకుండా
నలభై ఒకటో పేజీలో అంకె కింద
పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టేది.
నలభై ఒకటి మా ఇంటి నంబరు.

ఇది అమ్మ ఒక్కదాని దొంగతనం కాదట.
లైబ్రరీ బెరిల్ చెప్పింది:
ఊళ్ళో ముసలమ్మలందరికీ తలో గుర్తు.
ఒకరు ఏడు చుట్టూ సున్నా చుడతారు.
మిసెస్ థ్రెల్‌ఫాల్ అయితే చివరి పేజీ మూల
గోరంత చేప బొమ్మ గీస్తుంది.
"అన్నీ చెరపాలని రూలు.
నా దగ్గర రబ్బరెప్పుడూ దొరకదు" అంది బెరిల్
మొహం ఎటో పెట్టి.

ఇప్పుడు లైబ్రరీ ఈతకొలను పక్క గదిలోకి వచ్చింది.
శవాలు దొరికే పేజీలన్నీ క్లోరిన్ వాసన.
ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచిన మోకాళ్ళతో
నేను మంగళవారాలు అక్కడికి వెళ్తాను.
ఏ పుస్తకం తీసినా ముందు నలభై ఒకటి చూస్తాను.
చుక్క ఉంటేనే తెచ్చుకుంటాను.

ఫిబ్రవరిలో దొరికిన దాంట్లో
మూడు చుక్కలున్నాయి, వరసగా.
మొదటిది సూది మొనంత.
రెండోది మసక.
మూడోది ఎంత గట్టిగా నొక్కిందో
నలభై రెండో పేజీకి చిల్లు పడింది.

మళ్ళీ చదవకూడదని పెట్టుకున్న గుర్తు కదా.
చూడలేదా?
చూసి, ఇది నాది కాదనుకుందా?
లేక హంతకుడెవరో మరిచిపోవడం
ఆ చలికాలంలో మిగిలిన ఒకే ఒక్క సుఖమై
పోన్లే, ఇంకోసారి, అనుకుందా?

ఆ ఏడాదే ఒక పార్సిల్ పట్టుకుని
నలభై ఒకటో నంబరు తలుపు కొట్టాను.
యూనిఫామ్ చూసి అమ్మ మొహం విప్పారింది.
"మా అబ్బాయి కూడా పోస్ట్‌మానే" అంది.
"ఈ వానలో పాపం వాడెక్కడున్నాడో."
సంతకం పెట్టించుకుని,
మంచి ఉద్యోగమేనండీ అని చెప్పి,
పక్కింటికి వెళ్ళిపోయాను.

నిన్న రాత్రి ఆ పుస్తకం ఆఖరి అధ్యాయం ముందు ఆగాను.
టీవీలో స్నూకర్, గొంతు తగ్గించి.
ఆకుపచ్చ బల్ల మీద ఒకడు
వంగి, ఎంతకీ కొట్టడం లేదు.
పెన్సిల్ నా చెవి మీదే ఉంది.
నాలుగో చుక్క నాది కావచ్చు.

తలుపు చప్పుడు. పక్కింటి తడేయుష్,
చెప్పుల్లో, తడుస్తూ.
"రేపు ఏ డబ్బా? నీలమా, ఆకుపచ్చా?"
ఈ వీధిలో పుట్టినవాణ్ణి, నన్నడక్క ఇంకెవరినడుగుతాడు?
"నీలం" అన్నాను, తడుముకోకుండా.

పొద్దున కర్టెన్ తీస్తే
వీధి పొడుగునా ఆకుపచ్చ డబ్బాలు.
మా రెండే నీలం.